తెరపి కోసం: తెరచాప ఓడల నుండి సముద్రపు గాలిమరల వరకు

గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలని మన పెద్దల సామెత. కళ్లంలో ధాన్యం కుప్పపోసి, చేట ఎత్తి పట్టుకొని, గాలి ఎప్పుడు వీస్తుందా అని ఎదురుచూచిన కుటుంబాల నుండి వచ్చినవాళ్లమే మనలో చాలామందిమి. రాయచోటి, రాజంపేట, చిత్తూరు ప్రాంతాల వారమైనా, కోనసీమ, పశ్చిమ గోదావరుల వారమైనా, మన తాతలకు గాలి ఒక పనిముట్టు. దానిని కొనవలసిన పని లేదు; కాని అది వచ్చినప్పుడు మనిషి సిద్ధంగా ఉండాలి.

ఈ సామెతను తలకిందులు చేసిన వృత్తి ఒకటి గడచిన ముప్పది, నలుబది ఏండ్లలో లోకంలో పుట్టింది. అది సముద్రంలో నిలబెట్టిన గాలిమరలను బాగుచేసే వృత్తి. ఆ పనివాడు గాలి కోసం కాచుకోడు. గాలి ఎప్పుడు తగ్గుతుందా, అల ఎప్పుడు అణగుతుందా అని కాచుకుంటాడు. ముసురు పట్టిన రోజున వాన కాస్త ఆగితే మనం "తెరపి ఇచ్చింది" అంటాము. ఆ తెరపే అతనికి ఆధారం. తెరపి దొరికితే మర తిరుగుతుంది, దొరకకపోతే ఎంత గాలి ఉన్నా మర మొద్దులా నిలబడి ఉంటుంది.

కువైట్ తీరజలాలలో అటువంటి గాలిమరల క్షేత్రం ఇంతవరకు వెలియలేదు. మరి ఉగాది సంచికలో ఈ ముచ్చట ఎందుకని పాఠకులు అడుగవచ్చు. ఉగాది అంటేనే పంచాంగ శ్రవణం గదా! ఏ కాలంలో ఏమి వీస్తుంది, ఏ నెలలో ఏమి కురుస్తుంది అని ముందుగా తెలుసుకొనే పండుగ. గాలి మీద, సముద్రం మీద బ్రతికే వారందరికీ ఇటువంటి పంచాంగం ఒకటి ఉంటుంది. ఆ పంచాంగం ఇప్పుడు తప్పుతున్నది. దాని చరిత్ర చెప్పుకోవడానికి కువైట్ కంటె తగిన చోటు వేరొకటి లేదని మా అభిప్రాయం.

రెండు పంచాంగాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాము. ఇక్కడి అరబ్బులకు కూడా చుక్కల లెక్క ఉన్నది. వారు 'థురయ్యా' అనేది మన కృత్తికలనే. వారు 'దబరాన్' అనేది మన రోహిణీ నక్షత్రాన్నే. జూన్ మొదటి వారంలో తెల్లవారుజామున తూర్పున థురయ్యా కనబడిందంటే 'బవారిహ్' గాలులు మొదలైనట్లే. వాయవ్యం నుండి వీచే ఆ పొడిగాలులు ఇసుకను లేపుకొని వస్తాయి. మనం ఇక్కడ షమాల్ అని పిలుచుకొనే గాలి ఇదే. షమాల్ అంటే అరబ్బీలో ఉత్తరం. వసంతంలో, మార్చి చివరి నుండి మే వరకు, ఉన్నట్టుండి ఉరుములతో విరుచుకుపడే గాలివానలను 'సరాయాత్' అంటారు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట దక్షిణాన 'సుహైల్' ఉదయిస్తే ఎండ తగ్గుముఖం పట్టినదని వారి నమ్మకం. ఆ సుహైల్ మరెవరో కాదు, మన అగస్త్య నక్షత్రమే.

ఈ లెక్కలను ఒక చోట కూర్చి కువైటీల ఇంటింటికీ చేర్చిన పండితుడు సాలెహ్ అల్ ఉజైరీ. ఆయన 2022 ఫిబ్రవరిలో నూరేండ్లు దాటిన వయస్సులో కాలం చేశారు. ఉజైరీ క్యాలెండరు ఇక్కడి గోడలకు, మన తిథి వార నక్షత్రాల క్యాలెండరు మన వంటింటి గోడకు. రెండింటి పనీ ఒక్కటే: మనిషి తన పనిని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడం.

తెరచాప నాటి లెక్క

చమురు బయటపడక ముందు కువైట్ బ్రతుకంతా సముద్రం మీదనే. వేసవిలో ముత్యాల వేట. చలికాలంలో దూరప్రయాణం. షత్ అల్ అరబ్ ఒడ్డున పండిన ఖర్జూరాన్ని నింపుకొని, శరదృతువులో బూమ్ ఓడలు బొంబాయికి, కరాచీకి, మలబారుకు, ఆఫ్రికా తూర్పు తీరానికి బయలుదేరేవి. మలబారు నుండి టేకు దుంగలు తెచ్చుకొనేవి. ఇక్కడ చెట్టు లేదు గనుక ఆ ఓడలు తయారైనది కూడ మన దేశపు టేకుతోనే. ఈశాన్య గాలితో పోవాలి, నైరుతి రుతుపవనం విరుచుకుపడక ముందే ఇల్లు చేరాలి. రుతువును అరబ్బులు 'మౌసిమ్' అంటారు. హైదరాబాదు వారు 'మౌసమ్' అనేదీ, ఇంగ్లీషువారు 'మాన్సూన్' అనేదీ ఆ మాట నుండి వచ్చినవే.

ప్రయాణం సంగతి అందరికీ తెలుసు. ఓడ మరమ్మతు సంగతి చెప్పుకొనేవారు తక్కువ. చెక్క ఓడకు సముద్రపు పురుగు పెద్ద శత్రువు. అందుచేత ఓడను పోటు సమయంలో ఒడ్డుకు చేర్చి, ఆటు సమయంలో నీరు తీసినప్పుడు అడుగుభాగాన్ని గీకి, సున్నమూ కొవ్వూ కలిపి కాచిన ముద్దను చేతులతోనే పూసేవారు. పైభాగానికి చేపనూనె పట్టించేవారు. మళ్లీ నీరు వచ్చే లోపల పని ముగియాలి. అంటే వారికి దొరికే తెరపి ఒక ఆటుకు, ఒక పోటుకు మధ్య ఉన్న కొద్ది గంటలు. ఆ గంటలు తప్పితే ఓడ తప్పుతుంది, ఓడ తప్పితే మౌసిమ్ తప్పుతుంది, మౌసిమ్ తప్పితే ఇంటిల్లిపాదికీ ఏడాది కూడు తప్పుతుంది.

1938లో కట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే బూమ్ ఓడ ఇప్పటికీ సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్ దగ్గర భద్రంగా ఉన్నది. మన పిల్లలు బడి తరఫున వెళ్లి దానిని చూచినవారే. ఈసారి వెళ్లినప్పుడు దాని తెరచాప కొయ్యనే కాక అడుగుభాగాన్ని కూడా చూడమని మా కోరిక. ఆ ఓడను నిలబెట్టినది నడిపిన నఖోదా ఒక్కడే కాదు, ఏటేటా అడుగు గీకిన ఖలాసీలు కూడాను.

నఖోదాలలో పేరుగాంచినవాడు అలీ అల్ నజ్దీ. 1938–39లో ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఆయన ఓడలో ప్రయాణం చేసి ఒక ప్రసిద్ధ గ్రంథం వ్రాశాడు. ఆఫ్రికా తీరం దాకా గాలిని చదివిన ఆ మహానావికుడు 1979 ఫిబ్రవరిలో చేపల వేటకని స్వదేశపు తీరంలోనే వెళ్లి, హఠాత్తుగా వచ్చిన తుఫానులో సముద్రం పాలయ్యాడు. తాలిబ్ అల్ రిఫాయీ అనే కువైటీ రచయిత ఆయన చివరి దినాన్ని నవలగా వ్రాశారు. సముద్రం ఎంత తెలిసినవాడినైనా ఒక్క పూటలో మోసగించగలదు. ఈ మాటను మనసులో ఉంచుకొని ముందుకు పోదాము.

1973 నాటి మలుపు

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రమైన ముడి ఉన్నది. 1973 అక్టోబరు 17న అరబ్బు చమురు దేశాల మంత్రులు ఈ కువైట్ నగరంలోనే సమావేశమై, చమురు ఉత్పత్తిని నెలనెలా తగ్గించాలని నిర్ణయించారు. కొద్ది నెలల్లోనే పీపా ధర మూడు డాలర్ల నుండి పదకొండు డాలర్లు దాటింది. ఆ ధరలతో వచ్చిన సంపద వలన ఇక్కడ రోడ్లు, విద్యుత్ కేంద్రాలు, మంచినీటి కర్మాగారాలు లేచాయి. వాటిని కట్టడానికీ, నడపడానికీ, బాగుచేయడానికీ మనుషులు కావలసి వచ్చారు. మన జిల్లాల నుండి కువైట్‌కు వలస ఊపందుకున్నది ఆ తరువాతనే. మన కుటుంబాల కథకు ఆ సమావేశం ఒక నాంది అనవచ్చును.

అదే నిర్ణయం ఉత్తరాన ఉన్న చిన్న దేశం డెన్మార్కును మరొక దారి పట్టించింది. దాదాపు పూర్తిగా బయటి చమురు మీద ఆధారపడిన ఆ దేశంలో 1973 నవంబరు నుండి ఆదివారాలు కార్లు నడపడం నిషేధించారు. అప్పుడు వారికి తమ పాత గాలిమరలు గుర్తుకు వచ్చాయి. యోహానెస్ యూల్ అనే ఇంజనీరు 1957లో గెడ్సర్ అనే చోట నిలబెట్టిన 200 కిలోవాట్ల మర 1967 దాకా నడిచి ఆగిపోయి ఉన్నది. 1978లో త్వింద్ అనే ఊళ్లో బడిపంతుళ్లు, స్వచ్ఛంద సేవకులు కలిసి తమ చేతులతో ఒక పెద్ద మరను నిలబెట్టారు. అలా మొదలైన పని పదమూడేండ్లలో నేలను వదలి సముద్రంలోకి దిగింది. మన తండ్రులను కువైట్‌కు తెచ్చిన గాలీ, డేనులను సముద్రంలోకి తోసిన గాలీ ఒక్క చోటనే పుట్టాయన్నమాట.

సముద్రంలో మొదటి మరలు

లోకంలో మొదటి సముద్ర గాలిమరల క్షేత్రం 1991లో డెన్మార్కులోని విందెబీ దగ్గర వెలిసింది. ఒక్కొక్కటి 450 కిలోవాట్ల చొప్పున పదకొండు మరలు. తీరానికి దగ్గరలో, లోతు తక్కువ నీటిలో ఉండేవి. 2017లో వాటిని విప్పివేసే నాటికి మొత్తం 24 కోట్లకు పైగా యూనిట్ల విద్యుత్తును ఇచ్చాయి. పాతికేండ్లు ఉప్పుగాలిలో నిలిచిన మరలు మరమ్మతు లేకుండా నిలువలేదు గదా! ఆ పాతికేండ్లూ చిన్న పడవల్లో వెళ్లి వచ్చినవారి పేర్లు ఏ ఫలకం మీదనూ కనబడవు.

2002లో ఉత్తర సముద్రంలో హోర్న్స్ రెవ్ దగ్గర 80 మరలు నిలిపారు. అప్పటికి అది మహాద్భుతం. కాని రెండేండ్లు తిరగక ముందే ట్రాన్స్‌ఫార్మర్లలో, జనరేటర్లలో లోపాలు బయటపడ్డాయి. 2004లో ఆ 80 మరల శిరోభాగాలను విప్పి ఒడ్డుకు తెచ్చి, బాగుచేసి, మళ్లీ తీసుకుపోయి బిగించవలసి వచ్చింది. నేల మీద ఆడుతూ పాడుతూ చేసే పని సముద్రంలో ఎంత కష్టమో లోకానికి అప్పుడు తెలిసింది.

తరువాత మరలు పెరిగాయి, దూరమూ పెరిగింది. 2022లో ఇంగ్లండు తూర్పు తీరానికి దాదాపు 89 కిలోమీటర్ల దూరంలో 165 మరలతో హార్న్‌సీ రెండవ క్షేత్రం పని మొదలుపెట్టింది. అక్కడ ఒక్కొక్క మర 8 మెగావాట్లది. అంటే విందెబీలోని పదకొండు మరలూ కలిపినా దానికి సరిపోవు. స్కాట్లండు దగ్గర 2017 నుండి నీటిలో తేలియాడే మరలు అయిదు ఉన్నాయి. 2024లో పెద్ద మరమ్మతు అవసరమై ఆ అయిదింటినీ లంగరు విప్పి, సముద్రం మీద లాగుకొంటూ నార్వే తీరానికి తీసుకుపోయి, బాగుచేసి తిరిగి తెచ్చారు. పూర్వం బూమ్ ఓడను ఒడ్డుకు చేర్చి అడుగు గీకిన పద్ధతికీ దీనికీ మూలంలో తేడా ఏమున్నది?

తెరపి అంటే ఎంత?

ఇప్పుడు పనివాడి దినచర్య చూద్దాము. అతను చిన్న ఓడలో మర దగ్గరకు వెళతాడు. సరంగు ఓడ ముక్కును మర స్తంభానికి గట్టిగా ఆనించి, ఇంజన్‌తో నెట్టి పట్టుకుంటాడు. ఓడ అలతో లేస్తూ పడుతూ ఉండగా, అనువు చూచుకొని పనివాడు స్తంభానికి ఉన్న నిచ్చెన మీదకు అడుగు వేయాలి. అల ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు దాటితే ఈ పని చేయకూడదు. పెద్ద ఓడల్లో కదలికను సరిచేసుకొనే వంతెన ఉంటుంది. దాని మీదుగా రెండున్నర, మూడు మీటర్ల అలలోనూ దాటవచ్చు. ఆ ఓడల్లో పనివాళ్లు రెండేసి వారాలు సముద్రం మీదనే కాపురం ఉంటారు. రెక్క మార్చడం వంటి పెద్ద పనికి కాళ్లు దించుకొని సముద్రపు అడుగున నిలబడే ఓడ కావాలి. సెకనుకు పది, పన్నెండు మీటర్లకు మించి గాలి వీస్తే క్రేను రెక్కను ఎత్తరాదు.

ఒక లెక్క వేద్దాము. బేరింగు మార్చడానికి ఆరు గంటలు పడుతుందనుకొందాము. పోవడానికి రెండు, రావడానికి రెండు. మొత్తం పది గంటలు ఎడతెగకుండా సముద్రం శాంతంగా ఉండాలి. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం ఆరు గంటలు శాంతంగా ఉంటే కూడికకు పది అవుతుంది గాని పనికి కాదు. చలికాలపు ఉత్తర సముద్రంలో అటువంటి పది గంటల తెరపి కోసం రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు గడుస్తాయి. పైగా గాలి బాగా వీచే ఆ కాలంలోనే మర ఎక్కువ విద్యుత్తును ఇస్తుంది. ఆగిపోతే నష్టమూ అప్పుడే ఎక్కువ. క్షేత్రపు జీవితకాలపు ఖర్చులో నాలుగో వంతు నుండి మూడో వంతు దాకా నిర్వహణకే పోతుందంటే ఆశ్చర్యం లేదు.

అందుకనే వారు కూడా ఒక పంచాంగం తయారుచేసుకున్నారు. గడచిన పాతిక, ముప్పది ఏండ్ల గాలి, అలల కొలతలను దగ్గర పెట్టుకొని, ఏ నెలలో ఎన్ని గంటల తెరపి దొరుకుతుందో లెక్కకట్టి, పెద్ద పనులను వేసవికి, చిన్న పనులను మిగతా కాలానికి సర్దుకున్నారు. ఓడల అద్దె, మనుషుల జీతం, విడిభాగాల నిల్వ అన్నీ ఆ లెక్క మీదనే.

పంచాంగం తప్పుతున్నది

ఇప్పుడు వాతావరణం మారుతున్నది. జరిగిన ముప్పది ఏండ్లను చూచి రాబోయే ముప్పది ఏండ్లను చెప్పడం కష్టమవుతున్నది. గాలి అంతటా పెరుగుతుందనో, అంతటా తగ్గుతుందనో చెప్పడం సరికాదు. ఉత్తర సముద్రం విషయంలో శాస్త్రజ్ఞుల అంచనాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వైపు చూపుతున్నాయి. 2021లో ఐరోపాలో నెలల తరబడి గాలి మందగించి, మరలు అనుకున్న విద్యుత్తును ఇవ్వలేకపోయాయి. అయితే కొన్ని మార్పులు మాత్రం స్పష్టం.

మొదటిది వాన. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. మర రెక్క చివర గంటకు 300 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో వాన చినుకు మెత్తని నీరు కాదు, గులకరాయి. రెక్క అంచు కొద్దికొద్దిగా చెక్కుకుపోతుంది. దానిని తాడు మీద వేలాడుతూ రుద్ది, పూత పూయాలి. ఆ పూత ఆరడానికి మళ్లీ పొడి వాతావరణం కావాలి. అంటే దెబ్బ పెంచే వానే మరమ్మతుకు తెరపిని కూడా తగ్గిస్తుంది.

రెండవది తుఫాను. గాలి సెకనుకు 25 మీటర్లు, అనగా గంటకు 90 కిలోమీటర్లు దాటితే మర తన రెక్కలను తిప్పుకొని ఆగిపోతుంది. ఆగినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. 2003 సెప్టెంబరులో మేమీ అనే తుఫాను జపానులోని మియాకో దీవిని తాకినప్పుడు అక్కడి నేల మీది మరలు దెబ్బతిన్నాయి, మూడు కూలిపోయాయి. సముద్రం వేడెక్కే కొద్దీ తుఫానులలో తీవ్రమైన వాటి పాలు పెరుగుతుందని ప్రపంచ శాస్త్రజ్ఞుల సంఘాలు చెబుతున్నాయి. మన పొరుగున 2007 జూన్‌లో ఒమాన్‌ను తాకిన గోను, అప్పటివరకు అరేబియా సముద్రంలో నమోదైన వాటిలో అత్యంత బలమైన తుఫాను. 2021 అక్టోబరులో షాహీన్ అనే తుఫాను అరుదుగా ఒమాన్ ఉత్తర తీరాన్నే తాకింది.

మూడవది వేడి. దీనిని గురించి చెప్పడానికి మనకంటె అర్హులెవరు? 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైనట్లు ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. 2020 జూలైలో కువైట్ అఖాతపు నీరే 37 డిగ్రీలు దాటింది. సాధారణ గాలిమరలను 40 డిగ్రీల దాకా తట్టుకొనేలా రూపొందిస్తారు. అంతకుమించిన వేడిలో అవి ఉత్పత్తిని తగ్గించుకోవాలి. 50 డిగ్రీల గాలి పలుచబడి, 15 డిగ్రీల గాలితో పోలిస్తే పదింట ఒక వంతు బరువు తక్కువ ఉంటుంది; కాబట్టి అదే వేగంతో వీచినా తక్కువ శక్తిని ఇస్తుంది. వెచ్చని ఉప్పునీటిలో తుప్పు త్వరగా పడుతుంది, నత్తలూ నాచూ త్వరగా పట్టుకుంటాయి. ఇక ఎనభై, నూరు మీటర్ల ఎత్తున, మూసిన లోహపు పెట్టెలో కూర్చొని బోల్టు బిగించే మనిషి సంగతి ఏమి చెప్పాలి?

కువైట్ పాఠం

సముద్రంలో కాకపోయినా, నగరానికి పడమట సుమారు 100 కిలోమీటర్ల దూరంలో షగాయా ఎడారిలో గాలిమరలు ఉన్నాయి. కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ పూనికతో వచ్చిన ఆ అయిదు మరలు, ఒక్కొక్కటి రెండు మెగావాట్ల చొప్పున, 2017 నుండి తిరుగుతున్నాయి. అక్కడ ఉప్పు బదులు ధూళి. బవారిహ్ వీచే జూన్, జూలై నెలల్లోనే గాలి ఎక్కువ, ఏ.సి.ల వలన కరెంటు అవసరమూ ఎక్కువ. జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 గంటల నుండి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదని ఇక్కడి నియమం. మర ఎక్కువ పని చేయవలసిన కాలంలోనే మనిషికి దొరికే తెరపి తక్కువ. ఉత్తర సముద్రంలో చలికాలం ఎటువంటిదో ఇక్కడ వేసవి అటువంటిది.

విద్యుత్ కేంద్రాలలో, రిఫైనరీలలో పని చేసిన మన ఇళ్లవారికి ఇది కొత్త సంగతి కాదు. పెద్ద మరమ్మతులన్నీ చల్లని నెలల్లోనే. షట్‌డౌన్ అనే మాట మన పిల్లలకు అమ్మా నాన్నా అన్న మాటల తరువాత వచ్చిన మాట. సంక్రాంతి సంబరాలలో ముగ్గుల పోటీకి తల్లులు, గాలిపటాలకు పిల్లలు వచ్చేవారు. తండ్రులు మాత్రం పన్నెండు గంటల డ్యూటీలో ఉండేవారు. ఉగాదికి షట్‌డౌన్‌లు ముగింపుకు వచ్చి, అందరూ ఒకచోట కూర్చొని పచ్చడి తినేవాళ్లము. వేసవి ముంచుకొచ్చే లోగా యంత్రాలన్నీ సిద్ధం కావాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే అదే.

ఆ లెక్క ఇప్పుడు ఎలా తప్పుతున్నదో ఈమధ్యనే చూచాము. 2024 జూన్‌లో వాడకం శక్తికి మించడంతో కొన్ని ప్రాంతాలకు గంట, రెండు గంటలు కరెంటు తీశారు. 2025 ఏప్రిల్‌లో కొన్ని యూనిట్లు ఇంకా మరమ్మతులో ఉండగానే ఎండలు ముదిరి, మళ్లీ కోతలు తప్పలేదు. 2018 నవంబరులో కురిసిన వానలకు రోడ్లు ఏరులయ్యాయి. 2022 మే నెలలో వరుసగా వచ్చిన ధూళి తుఫానులకు విమానాలు ఆగాయి. థురయ్యా, సుహైల్ తమ వేళకే ఉదయిస్తున్నాయి. వాటి వెంట రావలసిన గాలి, ఎండ మాత్రం ఆ వేళను పాటించడం లేదు.

ఇక్కడ మాలో ఒకరి అనుభవం చెప్పాలి. చాలా ఏండ్ల క్రిందట, పేరు అనవసరం, ఒక కర్మాగారంలో ఏప్రిల్ మధ్యాహ్నం క్రేనుతో ఒక బరువైన గొట్టాన్ని పైకి ఎత్తవలసి ఉన్నది. రాజోలు దగ్గరి పెద్దాయన ఒకరు అక్కడ రిగ్గర్. ఆయన పడమటి దిక్కు చూచి, "ఇప్పుడొద్దు బాబూ, గాలి మారేలా ఉంది" అన్నాడు. పైవాడు గడియారం చూపి కేకలు వేశాడు. పెద్దాయన కొక్కెం తగిలించకుండా అలాగే నిలబడ్డాడు. అరగంటలో సరాయాత్ వచ్చి రేకులు ఎగిరాయి. ఆ రోజు క్రింద నిలబడినవారిలో మావారు ఆరుగురు. ఆ పెద్దాయనకు ఎవరూ శాలువా కప్పలేదు. ఆయన చేసిన పని మాత్రం మేము మరువలేదు.

కోరంగి నుండి రేపటి దాకా

మన తీరానికి కూడా ఈ విషయం దూరం కాదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలకు పుట్టినిల్లు. 1789 డిసెంబరులో, మళ్లీ 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టాయి. హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు బంగాళాఖాతపు ఇటువంటి తుఫానులను అధ్యయనం చేసి, వాటికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. నేడు లోకమంతా పలికే ఆ మాట వెనుక మన కోరంగి కన్నీరు కూడా ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం ఏమి చూచాయో చెప్పనక్కరలేదు. విశాఖను తాకిన ఆ తుఫానుకు హుద్‌హుద్ అనే అరబ్బీ పిట్ట పేరు పెట్టినది ఒమాన్ దేశం.

భారతదేశపు సముద్రంలో గాలిమరల క్షేత్రం ఇంకా నెలకొనలేదు. గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున నిలపడానికి 7,453 కోట్ల రూపాయల సాయపు పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదించింది. గుజరాత్ తీరంలో నైరుతి రుతుపవనం నాలుగు నెలలూ చిన్న పడవ మర దగ్గరకు పోలేదు. గాలి మెండుగా ఉండేదీ అప్పుడే. మన ఆంధ్ర తీరంలో ఎప్పుడైనా అటువంటి మరలు లేస్తే, తుఫానుల కాలం వెళ్లిపోయిన తరువాత, సంక్రాంతి నుండి ఉగాది దాకా ఉండే శాంతసముద్రమే వాటి మరమ్మతు కాలం అవుతుంది. ఆ మూడు నెలలు కూడా చెక్కు చెదరకుండా ఉంటాయా అన్నదే ప్రశ్న.

ఈ సమస్యకు మందు లేదని కాదు. మరలో అమర్చిన కొలమానాలు బేరింగు వేడిని, అదురును ఒడ్డుకు తెలుపుతున్నాయి. చెడక ముందే పసిగట్టి, దొరికిన తెరపిలో బాగుచేయవచ్చు. డ్రోనులు రెక్కలను ఫోటోలు తీస్తున్నాయి. ముప్పది ఏండ్ల సగటుకు బదులు రేపటి, ఎల్లుండి అంచనాను గంటగంటకూ సరిచూచుకొంటున్నారు. కాని చివరకు ఒక మనిషి నిచ్చెన ఎక్కాలి. ఆ ఉదయం, ఆ అల మీద, ఎక్కవచ్చునా కూడదా అని ఒకరు చెప్పాలి. పంచాంగం నమ్మకంగా ఉన్న రోజుల్లో ఆ మాట సులభం. పంచాంగం తప్పుతున్న రోజుల్లో "ఈ రోజు వద్దు" అనే మాట విలువ పెరుగుతుంది. ఆ మాట అన్నవాడిని కోప్పడని యాజమాన్యం, అతని కూలి కోయని ఒప్పందం కావాలి. మర రూపకల్పనలో ఎంత తెలివి ఉన్నదో ఈ ఒప్పందంలోనూ అంత తెలివి ఉండాలి.

మన పిల్లలు ఈనాడు ఇంజనీరింగు చదువుతున్నారు, కొందరు ఐరోపాకు, కొందరు అమెరికాకు వెళుతున్నారు. వారిలో కొందరు రేపు ఈ గాలిమరల దగ్గరనే పని చేయవచ్చు, ఒడ్డున కూర్చొని తెరపి లెక్కలు కట్టవచ్చు, పని ఉత్తర్వు మీద సంతకం పెట్టవచ్చు. అప్పుడు వారు రెండు సంగతులు తలచుకోవాలని మా కోరిక. వారి తాత చేట పట్టుకొని గాలి కోసం కాచుకున్నాడు. వారి తండ్రి స్పానర్ పట్టుకొని యంత్రం చల్లారేదాకా కాచుకున్నాడు. కాచుకోవడం సోమరితనం కాదు, మన ఇంటి విద్య. దానిని మరువకుండా, తమ కింద పని చేసేవారిని క్షేమంగా ఒడ్డు చేర్చగలిగితే, మన పెద్దలు ఈ ఎడారిలో పడిన శ్రమకు అంతకంటె మంచి ఫలితం ఉండదు.

ఈ నూతన సంవత్సరం మన వారందరికీ, సముద్రం మీద పని చేసే బిడ్డలందరికీ, మంచి తెరపిని ప్రసాదించుగాక!